ఎవరబ్బాయివి?

మా ఊళ్లో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, అరుగు మీద కూర్చున్న ఏ తాతగారో కళ్లజోడు సర్దుకుని అడుగుతారు: ‘‘ఎవరబ్బాయివిరా?’’

నా పేరు చెబితే ఆయనకి ఉపయోగం లేదు. ‘‘ఫలానా వారి రెండో అమ్మాయి కొడుకునండి’’ అనాలి. అప్పుడు గానీ ఆయన మొహం విప్పారదు. అప్పటిదాకా నేను అనుమానంగా చూడాల్సిన మనిషిని. ఆ ఒక్క జవాబుతో లోపలికి పిలిచి మజ్జిగ ఇవ్వాల్సిన మనిషిని అయిపోతాను.

చిన్నప్పుడు ఈ ప్రశ్నంటే నాకు మహా చిరాకు. కాకినాడలో బీటెక్ అయిపోయి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, ఎవరూ ఆ మాట అడగకపోవడమే హాయిగా ఉందనుకున్నా. కానీ 2025 సంక్రాంతికి తెలిసింది... ఇదే ప్రశ్నకి జవాబు లేక మా మావయ్య ఒక పెద్ద ఆర్డర్ పోగొట్టుకున్నాడని. అడిగింది అరుగు మీది తాతగారు కాదు. ఎక్కడో ఉన్న ఒక మెయిల్ సర్వర్. జవాబు లేకుండా చేసిందేమో... నేనే.

పండగపూట పంచాయితీ

మావయ్యకి అంబాజీపేట దగ్గర చిన్న పీచు యూనిట్ ఉంది. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీస్తారు. మిగిలిన పొట్టును కడిగి, ఆరబెట్టి, ఇటుకల్లా నొక్కుతారు. దాన్నే బయట కోకోపీట్ అంటారు. మీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీల్లో మట్టికి బదులు వేస్తారే, అదే. పదిహేను మంది పని చేస్తారు. అందులో పదకొండు మంది ఆడవాళ్లే.

ఇన్నేళ్లూ సరుకంతా పొల్లాచ్చి వైపు మధ్యవర్తికి పోయేది. ఆయన ఎంతిస్తే అంత. నిరుడు మొదటిసారి నెదర్లాండ్స్ నుంచి ఒక నర్సరీ వాళ్లు నేరుగా మావయ్యనే రేటు అడిగారు. రెండు కంటైనర్లు. మావయ్య ఆ రాత్రి నిద్రపోలేదట. మర్నాడే కొటేషన్ పంపాడు. జవాబు లేదు. వారం ఆగి మళ్లీ పంపాడు. లేదు. మూడోసారీ అంతే.

కనుమ రోజు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊరు ఊరంతా కదిలిపోతోంది. మావయ్య మాత్రం కదల్లేదు.

‘‘చిన్న ఊరోళ్లమని చులకనరా వాళ్లకి. ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క రాయొచ్చు కదా’’ అన్నాడు. ఆ ఆర్డర్ వస్తుందని ముందే డొక్కలు కొని పెట్టాడు. రాకపోయేసరికి డిసెంబర్‌లో ఆడవాళ్లకి వారానికి రెండు రోజులు పని ఆపేశాడు. అత్తయ్య వంటింట్లోంచి ఈ మాట చెప్పేదాకా నాకు తెలీదు.

నాకెందుకో అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆ మెయిల్ వెళ్లే సర్వర్ పెట్టింది నేను.

అదో చిన్న కథ. 2022 మే నెలలో, కొత్త జిల్లా పేరు విషయంలో అమలాపురంలో గొడవలు జరిగినప్పుడు కోనసీమలో రోజుల తరబడి సెల్‌ఫోన్లలో నెట్ ఆగిపోయింది. సెల్ డేటా మీదే బతుకుతున్న మావయ్య వ్యాపారం దాంతోపాటే ఆగింది. ఆ తర్వాత ఆయన ఆఫీసుకి ఒక లీజ్డ్ లైన్ పెట్టించుకున్నాడు. దాంతోపాటు ఎనిమిది ఐపీ అడ్రస్‌లు ఇచ్చారు. నాకు అప్పుడు ఉద్యోగంలో మంచి ఊపు. ‘‘నెలనెలా ఎవరికో డబ్బు కట్టడం దేనికి మావయ్యా, మన సర్వర్ మనమే పెట్టుకుందాం’’ అన్నా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, మెయిల్... అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. ‘‘మా మేనల్లుడు చేశాడు’’ అని మావయ్య వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

ల్యాప్‌టాప్ తెరిచి ఆ సర్వర్‌లోకి వెళ్లా. ఎవరికైనా మెయిల్ చేరకపోతే ఆ సమాచారం ‘పోస్ట్‌మాస్టర్’ అనే ఖాతాకి వచ్చేలా పెట్టింది కూడా నేనే. పెట్టాక ఒక్కసారీ తెరవలేదు. తెరిస్తే నూటికి పైగా తిరిగొచ్చిన మెయిళ్లు వరసగా ఉన్నాయి. అందులో నెదర్లాండ్స్ కొటేషన్లు మూడూ ఉన్నాయి. అన్నిటి మీదా ఒకటే కోడ్: 550, దాని పక్కన 5.7.25. దాని అర్థం తెలుగులో చెప్పాలంటే: మీరు వచ్చిన ఐపీ అడ్రస్‌కి పేరు లేదు, లేదా ఉన్న పేరు సరిపోలడం లేదు. కాబట్టి లోపలికి రానివ్వం.

అంటే వాళ్లు చులకన చేయలేదు. మావయ్య మెయిల్ వాళ్ల గుమ్మం దాకా వెళ్లింది. కాపలా వాడు ‘‘ఎవరబ్బాయివి?’’ అన్నాడు. జవాబు లేదు. తలుపు వేసేశాడు.

పేరు నుంచి నంబరు, నంబరు నుంచి పేరు

ఇంటర్నెట్‌లో ప్రతి మెషిన్‌కీ ఒక నంబరు ఉంటుందని మీకు తెలుసు. మనం బ్రౌజర్‌లో పేరు కొడితే, డీఎన్ఎస్ అనే వ్యవస్థ ఆ పేరుకి నంబరు వెతికి ఇస్తుంది. ‘‘ఫలానా వారిల్లు ఎక్కడండీ?’’ అని అడిగి దారి తెలుసుకున్నట్టు. పాల్ మొకపెట్రిస్ అనే ఆయన 1983లో రూపొందించిన పద్ధతి ఇది.

దీనికి ఉల్టా ఇంకొకటి ఉంది. నంబరు ఇచ్చి పేరు అడగడం. దాన్నే రివర్స్ డీఎన్ఎస్ అంటారు. ‘‘ఈ మొహం ఎవరిదండీ? ఎవరబ్బాయి?’’ అని అడగడం. దానికి జవాబుగా రాసి పెట్టే చీటీ పేరు పీటీఆర్ రికార్డు. పీటీఆర్ అంటే పాయింటర్.

మామూలుగా బ్రౌజింగ్‌కి ఇది అక్కర్లేదు. అందుకే చాలామందికి దీని గురించి తెలీదు. కానీ మెయిల్ లోకంలో దీనికి ఎప్పటి నుంచో విలువుంది. స్పామ్ పంపే మెషిన్లలో చాలావాటికి సరైన పేరుండదు కాబట్టి, పేరు లేని నంబర్లని మెయిల్ సర్వర్లు మొదటి నుంచీ అనుమానంగానే చూసేవి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ తమకి మెయిల్ పంపేవాళ్లకి కొత్త నిబంధనలు పెట్టాయి. పేరు నుంచి నంబరు, నంబరు నుంచి పేరు రెండూ సరిగా ఉండాలన్నది అందులో ఒకటి. ఆ నర్సరీ వాళ్ల మెయిల్ కూడా గూగుల్ దగ్గరే ఉంది.

రెండు వైపులా సరిపోవాలి అన్నది ముఖ్యం. ఒక నంబరు ‘‘నేను ఫలానా కంపెనీ మెయిల్ సర్వర్‌ని’’ అంటే చాలదు. ఆ కంపెనీ పేరుతో వెతికితే మళ్లీ అదే నంబరు రావాలి. నేను ఫలానా వారి మనవణ్ని అని నేను చెప్పడమే కాదు, వాళ్ల ఇంటికెళ్లి అడిగితే ‘‘అవునండి, మావాడే’’ అనాలి.

‘‘అరగంటలో చేసేస్తా మావయ్యా’’ అన్నా. మూడు వారాలు పట్టింది.

ఇంటిపేరు ముందా, వెనకా?

మావయ్యగారి అసలు నంబర్లు ఇక్కడ రాయను. దానికి బదులు 203.0.113.66 అనుకుందాం. 203.0.113తో మొదలయ్యే నంబర్లని ఇలా ఉదాహరణలకి వాడుకోవడం కోసమే ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. సినిమాల్లో చూపించే ఫోన్ నంబర్ లాంటిదన్నమాట.

ఈ నంబరుకి పేరు వెతకాలంటే ముందు దాన్ని తిరగేయాలి: 66.113.0.203. చివర ‘ఇన్-యాడర్.ఆర్పా’ అని తగిలించాలి. ఎందుకు తిరగేయాలో కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం పాస్‌పోర్ట్ ఫారం నింపిన రోజు గుర్తొచ్చింది.

మన దగ్గర ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఫారంలోనేమో సొంత పేరు ముందు, ఇంటిపేరు తర్వాత. ఐపీ అడ్రస్ మన తెలుగు పేరు లాంటిది. ముందు 203 అనే పెద్ద కుటుంబం, తర్వాత చిన్న కుటుంబం, చివర్లో 66 అనే మనిషి. డీఎన్ఎస్ పేరు పాస్‌పోర్ట్ ఫారం లాంటిది. మనిషి ముందు, వంశం చివర. అందుకే ఒకదాన్ని ఇంకోదాంట్లో రాయాలంటే తిరగేయాల్సిందే. ఇక చివరున్న ‘ఆర్పా’ ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్ రోజుల నుంచి మిగిలిన పేరు.

ఇంతవరకూ అర్థమైంది కదా అని, మావయ్య డొమైన్ కొన్న వెబ్‌సైట్‌లోకి వెళ్లి పీటీఆర్ రికార్డు రాశా. సేవ్ అయింది. పక్కన పచ్చ టిక్కు కూడా వచ్చింది. కమాండ్ కొట్టి చూశా. పేరు లేదు. గంట ఆగా. లేదు. రాత్రి పన్నెండింటికి కూడా లేదు.

తప్పెక్కడో తెలిసేసరికి తెల్లారింది. డొమైన్ పేరు మాది. డబ్బు కట్టి కొనుక్కున్నాం. ఆ పేరు కింద ఏమైనా రాసుకోవచ్చు. కానీ నంబరు మాది కాదు. అద్దెకి వచ్చింది. నంబరుకి పేరు చెప్పే హక్కు ఆ నంబరు ఎవరి ఖాతాలో ఉందో వాళ్లది.

ఆ ఖాతాలు ఇలా దిగుతాయి. ప్రపంచం మొత్తానికి నంబర్లు పంచేది ఐఏఎన్ఏ అనే సంస్థ. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటా తీసుకునేది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉన్న ఏపీనిక్. మన దేశంలో ఆ పని చూసేందుకు నిక్సీ కింద ఐఆర్ఐఎన్ఎన్ అనే రిజిస్ట్రీ ఉంది. వాళ్ల దగ్గర ఇంటర్నెట్ కంపెనీ పెద్ద ముక్క తీసుకుంటుంది. అందులోంచి చిన్న తుంపు మావయ్యకి. పేర్లు చెప్పే అధికారం కూడా అదే దారిలో పైనుంచి కిందికి దిగుతుంది. మా మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

నా ఐదేళ్ల అనుభవంలో ఈ సంగతి ఎందుకు తగల్లేదంటే, నేను పనిచేసేది క్లౌడ్ మీద. అక్కడ ఇది ఒక చిన్న పెట్టెలో పేరు కొట్టి ఓకే నొక్కడమే. వెనకాల ఎవరి హక్కు ఎవరి దగ్గరుందో చూడాల్సిన అవసరమే రాలేదు.

రెండెకరాల యాభై ఆరు సెంట్లు

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశా. ‘‘సార్, రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేశారా?’’ అన్నారు. రివర్స్ డీఎన్ఎస్ అన్నా. ‘‘నెట్ రివర్స్‌లో వస్తోందా సార్?’’ అన్నాడు పాపం ఆ అబ్బాయి. అతన్ని అనడానికేం లేదు, నాకే నిన్నటిదాకా తెలీదు.

నాలుగో ఫోన్‌కి, ‘‘కస్టమర్ రిజిస్టర్డ్ మెయిల్ నుంచి రిక్వెస్ట్ పంపండి’’ అన్నారు. రిజిస్టర్డ్ మెయిల్ ఏది? మావయ్య సర్వర్‌లో ఉన్నదే. పంపా. పది సెకన్లలో తిరిగొచ్చింది. కారణం: మీ ఐపీకి పేరు లేదు!

పేరు పెట్టండి బాబూ అని రాసిన అర్జీని, పేరు లేదని తిప్పి కొట్టారు. అత్తయ్యకి ఇది చెబితే కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ‘‘రేషన్ కార్డు లేనోడికి రేషన్ కార్డు కావాలంటే రేషన్ కార్డు జిరాక్స్ తెమ్మన్నట్టుందిరా’’ అంది.

చివరికి మావయ్య లెటర్‌హెడ్ మీద అర్జీ రాసి, స్టాంపు గుద్ది, ఫొటో తీసి, లైన్ అమ్మిన సేల్స్ ఆయన వాట్సాప్‌కి పంపాం. నేను హైదరాబాద్ తిరిగొచ్చేశా. పన్నెండు రోజులు ఏమీ లేదు.

ఒక రాత్రి పదిన్నరకి తెలీని నంబర్ నుంచి ఫోన్. వాళ్ల నెట్‌వర్క్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ ఇంజనీర్. ‘‘సార్, పీటీఆర్‌లు మమ్మల్నే రాయమంటారా, డెలిగేషన్ ఇవ్వమంటారా?’’

ఆ ప్రశ్న వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నా భాష మాట్లాడే మనిషి దొరికాడు.

ఇక్కడో చిక్కుంది. మన పొలాల లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఐపీ అడ్రస్‌లో చుక్కలు సర్వే రాళ్ల లాంటివి. రివర్స్ డీఎన్ఎస్‌లో అధికారం పంచాలంటే ఆ చుక్కల దగ్గరే పంచగలం. చివరి చుక్క తర్వాత 0 నుంచి 255 వరకు 256 నంబర్లు. అంటే రెండెకరాల యాభై ఆరు సెంట్ల చెక్క అనుకోండి. ఆ చెక్క మొత్తానికి ఒకటే పాస్‌బుక్, అది కంపెనీ పేరు మీద. మావయ్యకి ఇచ్చింది అందులో 64 నుంచి 71 వరకు, ఎనిమిది సెంట్లు. సాంకేతికంగా స్లాష్ 29 అంటారు. ఆ ఎనిమిదిలో మొదటిదీ చివరిదీ వాడకూడదు, ఒకటి రౌటర్‌కి పోతుంది, చేతికి మిగిలేవి ఐదు. ఈ ముక్క చుట్టూ చుక్కలు లేవు. రాళ్లు లేని చోట పాస్‌బుక్ ఎలా ఇస్తారు?

మొదట్లో ఈ సమస్య లేదు, ఎందుకంటే అప్పట్లో నంబర్లని చుక్కల దగ్గరే కోసి ఇచ్చేవారు. అలా ఇస్తే కరువొస్తుందని 1993లో ఎక్కడ పడితే అక్కడ కోసే పద్ధతి తెచ్చారు. ఈ పాత రకం నంబర్లు మొత్తం కలిపినా 430 కోట్లు నిండవు. 2011 ఫిబ్రవరికి ఐఏఎన్ఏ దగ్గర నిల్వ అయిపోయింది, ఏప్రిల్‌లో ఏపీనిక్ దగ్గర కూడా చివరి ముక్క పొదుపుగా పంచాల్సిన స్థితి వచ్చింది. అందుకే మావయ్య లాంటివాళ్లకి దొరికేది ఎనిమిది సెంట్లే.

మరి చిన్న కమతాల వాళ్ల గతి? 1998 మార్చిలో ఐద్‌నెస్, డి గ్రూట్, విక్సీ అనే ముగ్గురు ఇంజనీర్లు ఒక ఉపాయం రాసి పెట్టారు. దాని పేరు ఆర్ఎఫ్‌సీ 2317. కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. ఉన్న పాస్‌బుక్‌లోనే, ‘‘64 నుంచి 71 వరకు సంగతులు నన్ను అడక్కండి, పక్కన 64-71 అని ఒక కొత్త పుస్తకం ఉంది, అందులో చూడండి’’ అని ఒక్కో నంబరు ఎదురుగా రాయడం. ఆ కొత్త పుస్తకం మన చేతికి ఇవ్వడం. అంతే. ఇరవై ఏడేళ్ల తర్వాత అంబాజీపేటలో పీచు యూనిట్‌కి ఆ కాగితం పనికొచ్చింది.

‘‘డెలిగేషనే ఇవ్వండి’’ అన్నా. పేరు మార్చాల్సిన ప్రతిసారీ మళ్లీ మూడు వారాలు తిరగడం నా వల్ల కాదు.

‘‘అలాగేనండి. ఆయ్, ఇంతకీ మీది ఏ ఊరండి?’’

‘‘అంబాజీపేట దగ్గరండి.’’

‘‘మా పెద్దమ్మగారిది రాజోలండి. ఎవరబ్బాయండి మీరు?’’

ఈసారి నాకు చిరాకు రాలేదు. తాతగారి పేరు చెప్పా. ఆయనకి తెలీదు. అయినా ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

పదికీ పందికీ తేడా

వాళ్ల వైపు పని మర్నాటికి అయింది. 66 ఎదురుగా సీనేమ్ అనే రికార్డుతో మా కొత్త పుస్తకం పేరు రాశారు. ఆ పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పడానికి ఎన్ఎస్ రికార్డులు రెండు రాశారు. ఆ రెండు నేమ్ సర్వర్లని నేను కావాలనే మావయ్య ఆఫీసులో పెట్టలేదు, రెండు వేరువేరు చోట్ల క్లౌడ్‌లో పెట్టా. వానాకాలంలో మా ఊళ్లో కరెంటు సంగతి నాకు తెలుసు. కరెంటు పోతే సర్వర్ ఆగితే ఆగనీ, పేరు చెప్పే వాళ్లు మాత్రం ఉండాలి.

ఇక నా వైపు ఒక ఫైల్‌లో 66 ఎదురుగా పీటీఆర్ అని, మెయిల్ సర్వర్ పూర్తి పేరు రాయాలి. రాశా. కమాండ్ కొట్టా. పేరు వచ్చింది! కానీ అదేం పేరు... మావయ్య కంపెనీ పేరు తర్వాత, దాని తోకలా 64-71.113.0.203 అంటూ ఇన్-యాడర్.ఆర్పా దాకా మొత్తం వంశవృక్షం వేలాడుతోంది.

అరగంట తలబాదుకున్నాక కనబడింది. పేరు చివర చుక్క పెట్టలేదు. ఈ ఫైళ్లలో చివర చుక్క ఉంటే ‘పేరు ఇక్కడితో అయిపోయింది’ అని. లేకపోతే ‘ఇంకా ఉంది, ఈ పుస్తకం పేరు కూడా తగిలించు’ అని. చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పేవారు, సున్నా తేడాతో పది కాస్తా పంది అవుతుందిరా అని. నెట్‌వర్క్‌లోనూ అంతే.

చుక్క పెట్టా. పేరు సరిపోయింది. ఆ పేరుతో వెతికితే తిరిగి 66కే వస్తోంది. మెయిల్ పంపా. మళ్లీ తిరిగొచ్చింది!

ఇది మాత్రం నా తప్పు కాదు, ఓపిక తప్పు. ‘‘ఈ నంబరుకి పేరు లేదు’’ అన్న పాత జవాబుని కూడా సర్వర్లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపన్నది పై పుస్తకంలో రాసి ఉంటుంది. మా విషయంలో ఒక రోజు. ఊళ్లో ఒకసారి వచ్చిన చెడ్డపేరు నిజం తెలిశాక కూడా కొన్నాళ్లు తిరుగుతూనే ఉంటుంది కదా.

మర్నాడు సాయంత్రం మావయ్య ఆఫీసు నుంచి నా జీమెయిల్‌కి ఒక మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్‌లో ఏమీ లేదు. లోపల ఒకటే మాట: ‘‘వచ్చిందా?’’

ఫోన్ చేశా. ‘‘వచ్చింది మావయ్యా.’’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘అయితే వాళ్లు మనల్ని కాదనలేదన్నమాట’’ అన్నాడు.

‘‘లేదు మావయ్యా. నీ కాగితం వాళ్లు చూడనే లేదు. తప్పు నాది.’’

దానికి ఆయనేమీ అనలేదు. తిడితే బాగుండేది.

ఇంకా మిగిలింది

నెదర్లాండ్స్ వాళ్లకి జరిగింది చెబుతూ నాలుగోసారి రాశాం. ఈసారి రెండో రోజే జవాబొచ్చింది. ఈ సీజన్‌కి వేరే చోట కొనేశామని, వచ్చే సీజన్‌కి తప్పకుండా రేటు పంపమని. మర్యాదగా, వివరంగా రాశారు. మావయ్య దాన్ని ప్రింట్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు. ఆర్డర్ కాదది, జవాబు మాత్రమే. అయినా పెట్టుకున్నాడు.

డిసెంబర్‌లో ఆ పదకొండు మందికి పోయిన కూలి మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. నేను ఇస్తానంటే మావయ్య ఒప్పుకోలేదు. పండక్కి చీరలు తెమ్మన్నాడు. తెచ్చా. అది లెక్క సరిచేయడం కాదని నాకూ తెలుసు.

ఇది చదివేవాళ్లలో మీ నాన్నగారి కొట్టుకో, బాబాయిగారి రొయ్యల వ్యాపారానికో సొంత మెయిల్ సర్వర్ పెట్టి ‘నేను చేశా’ అని చెప్పుకునేవాళ్లు ఉంటారు. మీకో నాలుగు మాటలు. ముందు మీ సర్వర్ ఐపీ తీసుకుని, నంబరు నుంచి పేరు వస్తోందో లేదో చూడండి. ఫోన్‌లోనే చూడొచ్చు, రివర్స్ డీఎన్ఎస్ చెక్ చేసే ఉచిత సైట్లు బోలెడు. తర్వాత వచ్చిన పేరుతో వెతికి, అదే నంబరు తిరిగొస్తోందో లేదో చూడండి. మెయిల్ పంపేటప్పుడు సర్వర్ తనని తాను పరిచయం చేసుకునే పేరు కూడా అదే ఉండేలా చూసుకోండి. రాకపోతే డొమైన్ అమ్మినవాళ్ల దగ్గరికి కాదు, నంబరు ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఒకటి రెండు నంబర్లే అయితే డెలిగేషన్ గొడవ కూడా వద్దు, పేర్ల జాబితా ఇచ్చి వాళ్లనే రాయమనండి, చాలు. అర్జీ మాత్రం వేరే మెయిల్ నుంచి పంపండి!

ఇది ఉంటే మెయిల్ కచ్చితంగా చేరుతుందని కాదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ లాంటి పరీక్షలు ఇంకా ఉన్నాయి. అరుగు మీది తాతగారు లోపలికి రానిస్తారు, అంతవరకే. మజ్జిగ ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత మన నడవడిక చూసి.

నేను మార్చుకున్నది ఒకటుంది. ఆ పోస్ట్‌మాస్టర్ ఖాతాని నా ఫోన్‌కి కలుపుకున్నా. రోజూ పొద్దున్నే, ఇన్‌స్టా కంటే ముందు, అది తెరిచి చూస్తా. చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. అప్పుడప్పుడు ఎవరిదో మెయిల్ బాక్స్ నిండిపోయిందనో, అడ్రస్‌లో అక్షరం తప్పనో ఒకటి వస్తుంది. మావయ్యకి ఫోన్ చేసి చెబుతా. ‘‘సరేరా, మళ్లీ పంపుతా’’ అంటాడు. ఇద్దరం ఇంకాసేపు డొక్కల రేటు గురించి మాట్లాడుకుని ఫోన్ పెట్టేస్తాం.